64 గడుల బియ్యం లెక్క: చూడగానే తప్పని ఎలా చెప్పారు?

పోర్టు టాలీ:

అందరికీ నమస్కారం. నేను వైజాగ్ పోర్టులో టాలీ పని చేస్తాను. వెసెల్‌లోంచి ఎంత సరుకు దిగింది, ఎన్ని లారీలు బయటికి వెళ్లాయి, హాచ్‌లో ఇంకా ఎంత మిగిలింది, ఇవన్నీ రాసుకోవడమే నా ఉద్యోగం. 19 ఏళ్ల నుంచి పొద్దున లేస్తే అంకెలే. అందుకే ఈ సంగతి ఇక్కడ రాయడానికి కాస్త నామోషీగానే ఉంది.

మా పాప ఎనిమిదో తరగతి. డిసెంబర్ 22 రామానుజన్ పుట్టినరోజు కదా, గణిత దినోత్సవమని స్కూల్లో చార్టులు పెట్టమన్నారు. చదరంగం కనిపెట్టినాయన రాజుగారిని మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, అలా రెట్టింపు చేసుకుంటూ 64 గడులకూ ధాన్యం ఇమ్మని అడిగిన కథ ఉంది చూడండి, అది పెడదామని ఐడియా ఇచ్చింది నేనే. పూర్ణా మార్కెట్ దగ్గర పెద్ద చార్టు కొన్నాం. గడులు గీసి, మొదటి వరస ఎనిమిది గడుల్లో నిజం బియ్యం గింజలే గమ్‌తో అంటించాం. ఎనిమిదో గడిలో 128 గింజలు సర్దేసరికి రాత్రి పదకొండు దాటింది. మా ఆవిడ రెండుసార్లు లైటు ఆపేసింది.

మొత్తం ఎంతవుతుందో ఎక్సెల్‌లో చూశాను. ఏ గడి దాకా కూడినా తర్వాతి గడి కంటే ఒకటి తక్కువ వస్తుంది కాబట్టి =2^64-1 అని కొట్టాను. ముందు ఏదో పాయింట్లు పెట్టి కుదించి చూపించింది. ఫార్మాట్ మారిస్తే ఇది వచ్చింది:

18446744073709600000

చార్టు కింద ఎర్ర స్కెచ్‌తో ఇంతింత అంకెలు వేసి రాశాం.

చార్టులు చూడ్డానికి బయటి నుంచి ఒక పెద్ద లెక్కల మాస్టారు వచ్చారట. మా పాప చార్టు ముందు అర నిమిషం నిలబడి, "ఇది సరి సంఖ్య కదమ్మా, అవడానికి వీల్లేదే. పైగా 3తో పోవాలి, ఇది పోవట్లేదు. ఎవరు వేశారు ఈ లెక్క?" అన్నారట. పాప "మా నాన్న" అంది. "ఏం చేస్తారు నాన్నగారు?" అంటే "పోర్టులో లెక్కలు రాస్తారు" అంది. ఇక చూస్కోండి.

నాకు తెలియాల్సినవి: ఎక్సెల్ తప్పు చెబుతుందా? అసలు సంఖ్య ఏది? అన్నిటికంటే ముఖ్యంగా, ఇరవై అంకెల సంఖ్యను కాలిక్యులేటర్ కూడా తీయకుండా తప్పని ఎలా చెప్పారాయన? పాప అడుగుతోంది, నేను తప్పించుకు తిరుగుతున్నాను.

రుషికొండ కోడర్:

అన్నా, ఎక్సెల్ మీద కోప్పడకు, దాని హద్దు దానికుంది. ఎంత పెద్ద సంఖ్యయినా మొదటి 15 అంకెలే చూపిస్తుంది, పదిహేనోదాన్ని దగ్గరి అంకెకి సర్ది, తర్వాత అన్నీ సున్నాలు పెట్టేస్తుంది. నీ సంఖ్యలో చివరి ఐదు సున్నాలు అలా వచ్చినవే.

లోపల ఇంకో తప్పు కూడా జరిగింది, అది బయటికి కనిపించదు. ఎక్సెల్ సంఖ్యల్ని దాచుకునే పద్ధతిలో 9007199254740992 దాకా, అంటే 2⁵³ దాకా, ప్రతి పూర్ణసంఖ్యకూ చోటుంటుంది. ఆపైన మెట్లు దూరమవుతాయి. నువ్వు వెళ్లిన ఎత్తులో మెట్టుకీ మెట్టుకీ మధ్య 2048 తేడా. అక్కడ ఒకటి తీసేయమంటే ఏ మెట్టు మీద నిలబడాలి? పాత మెట్టు మీదే ఉండిపోతుంది. కావాలంటే =2^64 అని కొట్టి చూడు, -1 పెట్టినా పెట్టకపోయినా ఒకటే జవాబు.

అసలు సంఖ్య 18446744073709551615. విండోస్‌లో ఉండే కాలిక్యులేటర్‌ని సైంటిఫిక్ మోడ్‌లో పెడితే ఇరవై అంకెలూ సరిగ్గా ఇస్తుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష అయినా ఇస్తుంది. మాకు ఇది రోజూ తగిలే సంఖ్యే. కంప్యూటర్‌లో 0 గానీ 1 గానీ పట్టే చోటుని బిట్ అంటాం. 64 బిట్లలో మైనస్ లేకుండా పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. బిట్లన్నీ 1 అయితే వచ్చేది ఇది. గడికొక బిట్ అనుకో. మీ చదరంగం బల్లే మా రిజిస్టర్, అంటే కంప్యూటర్ లోపల సంఖ్యని పెట్టుకునే చోటు.

మాస్టారు ఎలా కనిపెట్టారో మాత్రం లెక్కలవాళ్లే చెప్పాలి.

ఎంవీపీ మాస్టారు:

టాలీ బాబుగారూ, ఆ చార్టు చూసింది నేను కాదు, ముందే చెప్పేస్తున్నాను. 34 ఏళ్లు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పి, ఇప్పుడు పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచే పని మాత్రం పెట్టుకున్నవాణ్ణి. కానీ ఆయన అడిగిందే నేనూ అడిగి ఉండేవాణ్ణి. మీ పాపని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ఇరవై అంకెల్ని చూసి భయపడకూడదు. బల్లని చూడాలి. 1, 2, 4, 8, 16... వీటిలో బేసి సంఖ్య ఎక్కడుంది? మొదటి గడిలో ఒక్కటే. మిగతా 63 గడుల్లోనూ సరి సంఖ్యలే. కాబట్టి మొత్తం బేసి అయి తీరాలి. మీ చార్టు కింద సంఖ్య సున్నాతో ముగిసింది. అయిపోయింది, దానికి అర నిమిషం కూడా అక్కర్లేదు.

తర్వాత గడుల్ని జతలు చేయండి. 1+2 = 3. 4+8 = 12. 16+32 = 48. ప్రతి జతా 3తో పోతుంది, ఎందుకంటే ప్రతి జతా దాని ముందు జతకి నాలుగు రెట్లు. 64 గడులంటే 32 జతలు, ఒక్క గడి కూడా ఒంటరిగా మిగలదు. కాబట్టి మొత్తం 3తో పోవాలి. మీరు రాసిన సంఖ్యలో అంకెలన్నీ కూడితే 70, అది 3తో పోదు. అసలు సంఖ్యలో అంకెలు కూడితే 87, పోతుంది. (87 అయింది కాబట్టి 9తో పోదని కూడా తెలిసిపోయింది.)

ఇంతటితో ఆపితే రుచి తెలియదు. నాలుగేసి గడులు తీసుకోండి: 1+2+4+8 = 15. అలాంటి గుంపులు 16. కాబట్టి 15తో పోతుంది. ఇప్పుడు ఒక వరస మొత్తం, మీరు గమ్‌తో అంటించిన వరస: 255 గింజలు. రెండో వరస దానికి 256 రెట్లు, మూడోది మళ్లీ దానికి 256 రెట్లు. ఎనిమిది వరసలూ 255తో పోతాయి. 255 అంటే 15 × 17. చూశారా, 17 వచ్చి చేరింది. రెండేసి వరసలు కలిపితే 65535, అంటే 255 × 257. సగం బల్ల కలిపితే 4294967295, అంటే 65535 × 65537. రెండో సగం మొదటి సగానికి 4294967296 రెట్లు కాబట్టి, మొత్తం బల్ల ఇది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

బల్లని మడత పెట్టిన ప్రతిసారీ ఒక కొత్త కారణాంకం రాలిపడుతోంది. మేం క్లాసులో దీన్నే ఏ స్క్వేర్ మైనస్ బీ స్క్వేర్ అని బోర్డు మీద రాసి పిల్లల్ని నిద్రపుచ్చేవాళ్లం. అప్పుడే చదరంగం బల్ల తీసుకెళ్లి ఉంటే బాగుండేది.

చేత్తో గుణించాలంటే 64 సార్లు రెట్టింపు చేయనక్కర్లేదు. 2 వర్గం 4, దాని వర్గం 16, ఆపైన 256, 65536, 4294967296, ఆరోసారి వర్గం చేస్తే 18446744073709551616. ఒకటి తీసేయండి. చివరి గుణకారం ఒక్కటే కష్టం, దానికి ఒక పేజీ పడుతుంది. పాప చేత చేయించండి, మీరు చేయకండి.

ఇంకో చిన్న సంగతి. రెండుని రెండుతో పెంచుకుంటూ పోతే వచ్చిన ఈ సంఖ్యలో 2 అనే అంకె ఎక్కడా లేదు. మిగతా తొమ్మిది అంకెలూ ఉన్నాయి. దీనికి గణితంలో అర్థమేమీ లేదు, ఊరికే ముచ్చట.

పోర్టు టాలీ:

మాస్టారూ, దండాలు. మీరు చెప్పినట్టే చార్టు మీదే వేలు పెట్టి జతలు చేశాం. పాపకి నాకంటే ముందే అర్థమైంది. "నాన్నా, మనం మళ్లీ మొత్తం లెక్క వేయక్కర్లేదు, తప్పని తెలియడానికి చివరి అంకె చాలు" అంది.

ఒక అనుమానం. 3, 5, 17, 257, 65537 ఇంకా విడవవు అనుకుంటాను. మరి చివరిది, 4294967297? అది కూడా ప్రధాన సంఖ్యేనా? కాలిక్యులేటర్‌లో 7తో, 11తో, 13తో భాగించి చూశాను. వంద దాకా వెళ్లి వదిలేశాను.

ఎంవీపీ మాస్టారు:

మీరు వదిలేసిన చోటే ఫెర్మా అనే పెద్ద గణితవేత్త కూడా బోల్తా పడ్డాడు, కాబట్టి నామోషీ అక్కర్లేదు. 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలని చూసి, ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధానాలేనని 1640 ప్రాంతంలో ఉత్తరాల్లో రాశాడు. తర్వాత వచ్చేది మీ 4294967297. దాన్ని 1732లో ఆయిలర్ అనే ఇంకో గణితవేత్త విరగ్గొట్టాడు: 641 × 6700417.

ఆయన ఒక్కొక్క సంఖ్యతో భాగిస్తూ కూర్చోలేదు. ఈ సంఖ్యని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64తో భాగిస్తే 1 మిగలాలని ముందు తేల్చాడు. (ఇక్కడా 64 వచ్చిందేమిటని పాప అడిగితే, ఇంటర్‌కొచ్చాక నా దగ్గరికి పంపండి.) ఆ లెక్కన చూడాల్సినవి 193, 257, 449, 577, 641. ఐదోదానికి దొరికిపోయింది. మీరు 7, 11, 13 అని వెళ్లారు కాబట్టి 641 చేరడానికి చాలా దూరం.

భాగించకుండా 641 ఎందుకు పోతుందో చూపిస్తాను, ఇది నాకు మహా ఇష్టం. 641 = 5 × 128 + 1. అలాగే 641 = 625 + 16. మొదటి దాన్ని బట్టి, 5 × 2⁷ ని 641తో భాగిస్తే ఒకటి తక్కువ పడుతుంది, అంటే శేషం -1 అనుకోండి. దాన్ని నాలుగుసార్లు గుణించుకుంటే 5⁴ × 2²⁸ శేషం 1. ఇప్పుడు రెండోది వాడండి: 5⁴ అంటే 625, దాని శేషం -16, అంటే -2⁴. దాన్ని అక్కడ పెడితే -2³² శేషం 1. అంటే 2³² + 1 నిశ్శేషం. కాగితం వెనకవైపు పట్టేంత లెక్క. రెండు ముఖాలున్న 641 దొరకబట్టి ఇంత సులువుగా పోయింది.

6700417 ఇక విడవదు. కాబట్టి మీ బియ్యం లెక్కలో ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదీ రెండుసార్లు రాలేదు. ఒక్కోదాన్ని తీసుకోవడమో వదిలేయడమో, ఏడుసార్లు రెండేసి దారులు. కాబట్టి ఈ సంఖ్యని నిశ్శేషంగా భాగించేవి సరిగ్గా 128. మీరు రాత్రి పదకొండు దాకా కూర్చుని ఎనిమిదో గడిలో సర్దినన్ని.

మీ సగం బల్లకి, అంటే 4294967295కి, ఇంకో గొప్ప ఉంది. స్కేలూ వృత్తలేఖినీ మాత్రమే వాడి 17 భుజాల క్రమ బహుభుజి గీయొచ్చని గాస్ అనే గణితవేత్త 1796లో కనిపెట్టాడు. అప్పటికి ఆయనకి 19 నిండలేదు. ఆ సిద్ధాంతం ప్రకారం 4294967295 భుజాల బొమ్మ కూడా గీయొచ్చు. బేసి సంఖ్యలో భుజాలున్న వాటిలో అంతకంటే పెద్దది ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. గీస్తే చూడ్డానికి అచ్చం గుండ్రంగా ఉంటుందనుకోండి, అది వేరే సంగతి.

గాజువాక నుంచి:

మాస్టారూ, ఇదంతా బాగానే ఉంది గానీ, రాజుగారు బియ్యం ఇచ్చారా లేదా? అన్నా, మీ పోర్టులో ఆ సరుకు దింపాలంటే ఎన్ని షిఫ్టులు పడుతుందో లెక్క వెయ్యి ముందు.

భీమిలి తెలుగు టీచర్:

లెక్కలవాళ్ల మధ్యకి వచ్చినందుకు ఏమీ అనుకోకండి. కానీ ఈ సంఖ్య మీకంటే ముందు మాది.

తెలుగులో గణితాన్ని పద్యాలుగా రాసిన పాతకాలపు కవి పావులూరి మల్లనదని చెప్పే చంపకమాల ఒకటి ఉంది. చదరంగం గడుల రెట్టింపు మొత్తం అందులో ఇరవై అంకెలూ ఉంది. పైకి చూస్తే బాణాలూ చంద్రుళ్లూ కొండలూ. "శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు" దాకా సంఖ్యే. అంకెల నడక కుడి నుంచి ఎడమకి, కాబట్టి ఒకట్ల స్థానం నుంచి రాసుకోండి.

శర, అంటే బాణం. మన్మథుడివి ఐదు, కాబట్టి 5. శశి 1. షట్క 6. చంద్ర 1. శర 5. సాయక అన్నా బాణమే, 5. రంధ్ర 9, ఒంట్లో నవరంధ్రాలు. తర్వాతి దగ్గరే మా పిల్లలు జారిపోతారు. "వియన్నగాగ్ని" ఒకే మాట కాదు, మూడు: వియత్ అంటే ఆకాశం, 0, నగ అంటే కొండ, 7, అగ్ని 3. ఆపైన భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య అంటే బ్రహ్మ ముఖాలు 4, కుంజర అంటే ఏనుగు, అష్టదిగ్గజాలు కాబట్టి 8, తుహినాంశు అంటే మళ్లీ చంద్రుడే, 1.

ఇప్పుడు కింది నుంచి పైకి చదవండి: 18446744073709551615.

ఈ సంఖ్యలో 7 మూడుసార్లు వస్తుంది. కవి మూడు చోట్లా కొండనే పెట్టాడు, కానీ నగ, భూధర, గిరి అని మూడు వేర్వేరు మాటలు. 4 నాలుగుసార్లు వస్తే రెండు సముద్రాలు, వేదాలు, బ్రహ్మ ముఖాలు. ఏది ఎక్కడ పడాలో ఛందస్సు తేల్చింది. తాళపత్రంలో అంకె ఒకటి చెరిగిపోతే ఎవరికీ తెలియదు, మాట ఒకటి చెరిగితే గణం తప్పి వెంటనే దొరికిపోతుంది. మీ ఎక్సెల్ పదిహేను అంకెల దగ్గర ఆగింది. ఈ పద్యం ఇరవయ్యో అంకె దాకా ఎక్కడా సున్నాలు పెట్టుకోలేదు, ఉన్న రెండూ అసలు సున్నాలే.

రుషికొండ కోడర్:

టీచర్ గారూ, పద్యం చూసి ఒక్కొక్క అంకే టైప్ చేసి సరిచూశాను. సరిపోయింది. గణం తప్పితే దొరికిపోవడం అన్నారే, మేం దాన్ని చెక్‌సమ్ అంటాం. ఈ పద్యాన్ని ఆఫీసులో గోడకి అంటిస్తున్నాను.

పోర్టు టాలీ:

గాజువాక అన్న అడిగిన లెక్క వేశాను. ఇది మాత్రం నా సబ్జెక్టు.

ఇంట్లో సోనా మసూరి గింజలు వెయ్యి లెక్కపెట్టాం. పాప 500, నేను 500. కాటా మీద పెడితే 11 గ్రాములు. దీన్ని పట్టుకుని గడుల వెంట వెళ్తే, 22వ గడిలో 20,97,152 గింజలు, అంటే 23 కిలోలు. 25 కిలోల బస్తా కొంచెం వెలితిగా ఉన్నట్టు. అక్కడి నుంచి సరిగ్గా 21 గడులు దాటితే 43వ గడి. అందులో అలాంటి బస్తాలు 20,97,152. మొత్తం 48,378 టన్నులు. మాకు ఇది బాగా తెలిసిన సైజు, ఒక వెసెల్ నిండా సరుకు. మళ్లీ 21 గడులు దాటితే 64వ గడి, చివరిది. అందులో 20,97,152 వెసెల్స్.

ఒకటి, ఇరవై రెండు, నలభై మూడు, అరవై నాలుగు. గింజ, బస్తా, ఓడ, ఆ తర్వాత దానికి పేరు లేదు.

మొత్తం బల్లకి 41,94,304 ఓడలు. రోజుకొక ఓడ చొప్పున లోడ్ చేసి పంపినా 11 వేల 480 ఏళ్లు పడుతుంది. బరువు 20 వేల కోట్ల టన్నుల పైమాటే. ప్రపంచమంతా కలిపి ఏడాదికి పండే బియ్యం యాభై కోట్ల టన్నులు దాటి ఉంటుంది కాబట్టి, రమారమి 400 ఏళ్ల పంట. మా దగ్గర ఎక్కువగా దిగేది బొగ్గు, బియ్యం ఎక్కువగా కాకినాడ నుంచి పోతాయి. కాబట్టి ఈ పని వాళ్లకే అప్పజెప్పేస్తున్నాను.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి చెబుతాను. ఎక్సెల్ చూపించిన దానికీ అసలు దానికీ తేడా ఎంతో తీశాను. 48,385 గింజలు. 532 గ్రాములు! నలభై రెండు లక్షల ఓడల సరుకులో అర కిలో చిల్లర ఎక్కువ చూపించింది, అంతే. మేం డ్రాఫ్ట్ సర్వే, అంటే ఓడ నీళ్లలో ఎంత మునిగిందో చూసి సరుకు బరువు తేల్చే పని, చేసేటప్పుడు పడవలో ఓడ చుట్టూ తిరిగి, ఒంటి మీద రాసిన తెల్ల అంకెల దగ్గర నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో చూస్తాం. అల కొడుతుంటే నీటి గీత ఒక్కచోట నిలవదు, ఇద్దరం చెరొక అంకె చెప్పి మధ్యలో సర్దుకుంటాం. అర శాతం దాకా తేడా వస్తే ఎవరూ నోరెత్తరు. ఒక్క ఓడలోనే అది 240 టన్నులు. ఆ కళ్లతో చూస్తే ఎక్సెల్ లెక్క దేవుడి లెక్క. నా జన్మలో అంత కచ్చితమైన టాలీ రాయలేదు, రాయలేను.

అయినా మాస్టారి ముందు తప్పే అయింది. అర కిలో ఎక్కువయ్యేసరికి బేసి కాస్తా సరి అయిపోయింది, 3 పోయింది. పాపకి ఇది చెబితే, "నీది బరువు నాన్నా, సార్‌ది సంఖ్య" అని తన పని తను చూసుకుంది.

ఇంకో ముక్క. ఆ 41,94,304 ఓడల్లో చివరిదాంట్లో సరుకు పూర్తిగా ఉండదు. ఒక్క గింజ షార్టేజ్. ఆ -1 అక్కడ తేలుతుంది. ఏ సర్వేయరూ పట్టుకోలేడు.

చార్టు మీద ఎర్ర అంకెలకి తెల్ల కాగితం అంటించి కొత్తది రాశాం. కామాలతో అయితే 1,84,46,74,40,73,70,95,51,615. పక్కన జాగా మిగిలితే పాప టీచర్ గారి పద్యంలో మాటలు రాసుకుంటోంది, కుంజర దగ్గర ఏనుగు బొమ్మ కూడా వేసింది. మాస్టారూ, ఆ ఆరో గుణకారం తనే చేసింది, మూడోసారికి సరిగ్గా వచ్చింది. మొదటి రెండుసార్లూ చివర బేసి వచ్చిందని తనే కొట్టేసుకుంది. ఒకటి తీసేయకముందు సరి రావాలి కదా అట.

పొద్దున ఆరింటికి బొగ్గు వెసెల్ బెర్త్ అవుతోంది. పడవ ఎక్కి డ్రాఫ్ట్ చూడాలి. ఉంటాను.